మీకు తెలుసా? ఊరికీ ఊరికీ నడుమ భద్రమైన బాట

తారురోడ్డు పడగానే ఊరికి దారి వచ్చిందని సంబరపడతాం. బళ్లకు వచ్చిన మాట నిజమే. బడికి సైకిలెక్కే పిల్లలకూ, పొద్దుగూకి పొలం నుంచి తిరిగొచ్చే కూలీలకూ, పక్కూరి ఆసుపత్రికి నడిచివెళ్లే పెద్దవాళ్లకూ మాత్రం ఆ రోడ్డు మీద చోటు తగ్గిపోయింది. వాళ్లకూ ఓ భద్రమైన దారి కావాలి. దానికి పనికొచ్చే సంగతులు కొన్ని.

నడిచేవాళ్ల లెక్క

2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాలకు 1,68,491 మంది బలయ్యారు. వారిలో 32,825 మంది పాదచారులు. మొత్తం మరణాల్లో దాదాపు మూడింట రెండు వంతులు గ్రామీణ ప్రాంతాల్లోనే జరిగాయి. ఫుట్‌పాత్ అంటే పట్నం గొడవ అనుకోవడానికి వీల్లేదని ఈ లెక్కే చెబుతోంది.

మిగిలేది రెండడుగుల లోపే

మన పల్లెల్లో సింగిల్ రోడ్డు తారు వెడల్పు సాధారణంగా 3.75 మీటర్లు. లారీ వెడల్పు 2.6 మీటర్ల వరకు ఉండొచ్చని నిబంధన. అంటే రోడ్డు మధ్యలో లారీ వెళ్తుంటే అటూ ఇటూ మిగిలేది చెరో 57 సెంటీమీటర్లు. సైకిలు హ్యాండిలే దాదాపు అంత ఉంటుంది. అందుకే సైకిలు మీదున్నవాళ్లు మట్టి మార్జిన్లోకి దిగక తప్పదు. ఆ మార్జిన్ బాగుంటేనే వాళ్లు క్షేమం.

తారు అంచు ఎందుకు పడేస్తుంది?

వానలకు మార్జిన్ మట్టి కొట్టుకుపోతుంది. రోడ్డు బాగుచేసినప్పుడల్లా తారు మీద తారు వేస్తారు. కొన్నేళ్లకు అంచు దగ్గర జానెడు మెట్టు తేలుతుంది. వెనక హారన్ విని సైకిలును మట్టిలోకి దించిన పిల్ల, బండి వెళ్లిపోయాక మళ్లీ తారు మీదికి ఎక్కబోతుంది. ముందు చక్రం ఆ మెట్టు ఎక్కదు, దాన్ని రాసుకుంటూ పోతుంది. అప్పటికే ఆమె ఒళ్లు రోడ్డు వైపు వాలి ఉంటుంది కాబట్టి పడేది కూడా రోడ్డు మీదికే, వెనక వచ్చే బండి ముందుకే. అమెరికాలో తారు వేసేటప్పుడే అంచును నిటారుగా వదలకుండా 30 డిగ్రీల వాలుగా నొక్కే పద్ధతి ఉంది. తారు వేసే యంత్రానికి ఓ చిన్న పరికరం బిగిస్తే చాలు. అది లేనిచోట మార్జిన్లో గ్రావెల్ పోసి, తారు మట్టానికి రోలరుతో తొక్కించినా మెట్టు పోతుంది.

ఒక్క సెకనులో దాదాపు 17 మీటర్లు

గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వచ్చే బండి సెకనుకు దాదాపు 17 మీటర్లు దాటుతుంది. డ్రైవరు మనిషిని చూసి బ్రేకు మీద కాలు పెట్టేలోపే అంత దూరం గడిచిపోతుంది. కారు ముందుభాగం తగిలిన పాదచారికి ప్రాణాపాయం, వేగం 50 నుంచి 65కి పెరిగితే నాలుగున్నర రెట్లవుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఊరు మొదలయ్యే చోట, బడి దగ్గర, బస్టాపు దగ్గర వేగం తగ్గించకుండా పక్కన ఎంత మంచి బాట వేసినా, రోడ్డు దాటే ఆ కాసేపు మనిషి ప్రమాదంలో ఉన్నట్టే.

ఏ పక్కన నడవాలి?

ఫుట్‌పాత్ లేని రోడ్డు మీద కుడిపక్కన, ఎదురొచ్చే బళ్లను చూస్తూ నడవాలి. బండి కనిపిస్తే పక్కకు తప్పుకునే వీలుంటుంది. సైకిలు మాత్రం ఎప్పుడూ ఎడమపక్కనే. ఈ తేడా చాలా పాఠశాలల్లో నేర్పరు. నేర్పడానికి పైసా ఖర్చు లేదు.

తుమ్మకంప, వడ్లకుప్ప

మలుపు దగ్గర ఏపుగా పెరిగిన సర్కారు తుమ్మ ఎదురొచ్చే బండిని కనబడనివ్వదు. దాని ముళ్లకు సైకిలు ట్యూబులు కూడా పంక్చరవుతాయి. మలుపుల్లో కంప కొట్టించడం కంటే చవకైన భద్రత లేదు. కోతల కాలంలో సగం రోడ్డు మీద వడ్లు ఆరబోసి చుట్టూ రాళ్లు పెడతారు. చీకటి పడితే ఆ రాళ్లు కనబడవు, సైకిళ్లు నడిరోడ్డుకు రావాల్సి వస్తుంది. రైతుకు వేరే చోటు లేకనే అక్కడ పోస్తున్నాడు. కాబట్టి బాట గురించి ఆలోచించే ఊరు కల్లాల గురించి కూడా ఆలోచించాలి.

నక్షాలో ఉన్న దారి

ఊళ్ల మధ్య నడవడానికి దగ్గరి దారి తరచూ తారురోడ్డు కానే కాదు. డొంక, పుంత, బండ్లబాట, చెరువు కట్ట, కాలువ గట్టు... ఇలా పాత దారులెన్నో గ్రామ నక్షాలో ఇప్పటికీ ఉన్నాయి. కొన్నింటికి విడిగా సర్వే నంబరు ఉండి, ఆంధ్రాలో ఆర్‌ఎస్‌ఆర్ అనే, తెలంగాణలో సేత్వార్ అనే పాత భూరికార్డులో ప్రభుత్వ భూమిగా నమోదై ఉంటాయి. మరికొన్ని పట్టా భూముల గుండా చుక్కల గీతలుగా సాగుతాయి. ఈ రెండింటికీ తేడా తెలియడం ముఖ్యం. మొదటి రకాన్ని ఎవరైనా దున్ని కలుపుకుంటే అది ఆక్రమణ, సర్వేయరు చేత హద్దులు పెట్టించి విడిపించొచ్చు. రెండో రకం విషయంలో రైతుతో కూర్చుని మాట్లాడాలి. 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టం ప్రకారం, ప్రైవేటు భూమి గుండా ఒక దారిని 20 ఏళ్లపాటు హక్కుగా, బహిరంగంగా, తగాదా లేకుండా, ఆగకుండా వాడుకుంటే అది పక్కా హక్కవుతుంది. అయినా కోర్టు మెట్లెక్కే కంటే ముందు రచ్చబండ దగ్గర మాట్లాడుకోవడమే ఊరికి మంచిది. కాలువ గట్టు, చెరువు కట్ట వాడదలిస్తే నీటిపారుదల శాఖ అనుమతి, నీటి వైపు గట్టి కంచె తప్పనిసరి.

భూమి అమ్మకుండానే దారి ఇచ్చిన రైతులు

ఐర్లండ్‌లోని మేయో కౌంటీలో వెస్ట్‌పోర్ట్ నుంచి అకిల్ దాకా 42 కిలోమీటర్ల నడక, సైకిలు బాట ఉంది. పేరు గ్రేట్ వెస్ట్రన్ గ్రీన్‌వే. 1937లో మూతబడిన రైలుమార్గం అది. ఆ నేల చాలావరకు రైతుల చేతుల్లోకి వెళ్లిపోయింది. దాన్ని తిరిగి కొనలేదు, గుంజుకోలేదు. యాజమాన్యం రైతు దగ్గరే ఉండగా, జనం నడిచేందుకు రైతులు అనుమతి ఇచ్చారు. పశువులు దాటే చోట గేట్లు పెట్టారు. డొంక పేరెత్తితే మొహాలు చూసుకోని ఊళ్లకు ఈ పద్ధతి ఒక తోవ చూపిస్తుంది.

కూడలికో నంబరు

బెల్జియంలోని లింబర్గ్ ప్రాంతంలో హ్యూగో బోలెన్ అనే గని ఇంజనీరు పల్లె దారులు కలిసే ప్రతి కూడలికీ ఒక నంబరు ఇచ్చాడు. గని సొరంగాల్లో దారి తెలిసేందుకు వాడే పద్ధతే దానికి మూలం. 1995లో అక్కడ మొదలైన ఈ పద్ధతి నెదర్లాండ్స్ అంతటా పాకింది. మన డొంకల కూడళ్లలో రాయి పాతి నంబరు రాస్తే, పామో తేలో కుట్టినప్పుడు 108కి ఫోన్ చేసి ఎక్కడున్నామో ఒక్క ముక్కలో చెప్పొచ్చు.

సైకిలు వస్తే బడికి వచ్చారు

బీహార్‌లో 2006లో 9వ తరగతిలో చేరే ఆడపిల్లలకు సైకిళ్ల పథకం మొదలైంది. కార్తీక్ మురళీధరన్, నిషిత్ ప్రకాశ్ చేసిన అధ్యయనం ప్రకారం, దానివల్ల హైస్కూల్లో చేరిన ఆడపిల్లల సంఖ్య 32 శాతం పెరిగింది. చేరికల్లో మగపిల్లలతో ఉన్న తేడా 40 శాతం తగ్గింది. హైస్కూలు 3 కిలోమీటర్లకు మించి ఉన్న ఊళ్లలోనే మేలు ఎక్కువగా కనిపించింది. ఇంటిముందు సైకిలు ఉన్నా, దారి భయం తీరకపోతే పిల్లను పంపడానికి తల్లికి మనసొప్పదు. సైకిలిచ్చిన ప్రభుత్వాలు బాట కూడా ఇచ్చినప్పుడే ఆ పని పూర్తయినట్టు.

వాగు మీద నడక వంతెన

కర్ణాటకలోని సుళ్యకు చెందిన ఇంజనీరు గిరీశ్ భరద్వాజ్ 1989లో పయస్విని నదిపై అరంబూరు దగ్గర వేలాడే వంతెన కట్టారు. ఆ తర్వాత తెలుగు నేలతో సహా పలు రాష్ట్రాల్లో 100కు పైగా కట్టారు. 2017లో పద్మశ్రీ అందుకున్నారు. బళ్ల బరువు మోయనక్కర్లేని నడక వంతెన పెద్ద వంతెన కంటే ఎంతో చవక, ఎంతో త్వరగా పూర్తవుతుంది.

చట్టం ఎవరి పక్షం?

నడిచేవాళ్ల పక్షమే. పాదచారులకు తగిన ఫుట్‌పాత్ ఉండడం రాజ్యాంగంలోని 21వ అధికరణ ఇచ్చే జీవించే హక్కులో భాగమని సుప్రీంకోర్టు 2025 మేలో చెప్పింది. మోటారు వాహనాల చట్టంలో 2019లో చేర్చిన 198ఏ సెక్షన్ ప్రకారం, నిర్దేశిత ప్రమాణాలు పాటించకుండా రోడ్డు వేసినందువల్ల మనిషి చనిపోయినా, వికలాంగుడైనా బాధ్యులైన అధికారికి, కాంట్రాక్టరుకు లక్ష రూపాయల దాకా జరిమానా పడొచ్చు. పంచాయతీలకు అప్పగించదగిన 29 అంశాల 11వ షెడ్యూల్లో రోడ్లు, కల్వర్టులు, వంతెనలు 13వ అంశం.

మన ఊళ్లో మొదలెట్టాలంటే

సర్వేయరు దగ్గర గ్రామ నక్షా నకలు తీసుకోండి. బడి గంట కొట్టే వేళకు పిల్లలతో, చీకటి పడే వేళకు కూలీలతో దారంతా నడవండి. వాళ్లు భయపడే మలుపు, దాటలేని వాగు, తారు అంచు మెట్టు, లైటు లేని చోటు నక్షా మీదే గుర్తుపెట్టండి. ఆడపిల్లలు ఏ దారిని ఎందుకు వదిలేశారో వాళ్ల నోటే వినండి, అది ఏ ఇంజనీరు కొలతల్లోనూ దొరకదు. పక్కూరి పంచాయతీనీ పిలవండి, బాట పొలిమేర దగ్గర ఆగిపోతే ఉపయోగం లేదు. ముందు కంప, మార్జిన్, వేగం. ఆ తర్వాత డొంక, వంతెన. ఈ వరసలో రాసిన తీర్మానం పట్టుకుని అక్టోబరు 2 గ్రామసభకు రెండు ఊళ్లవాళ్లూ వెళ్లండి. కంప కొట్టే పని, మార్జిన్ నింపే పని ఏ పెద్ద నిధుల కోసమూ ఆగాల్సినవి కావు. ఈ ఏడాదే అయిపోతాయి.