జొన్న నాము – పశువులకు ప్రాణాపాయము



జొన్న చొప్ప పశువులకు మంచి మేత. కాని అదే జొన్న లేతగా నున్నప్పుడు విషమగును. ఉదయము మేతకు వదలిన పాడిగేదె జొన్నచేలో నాలుగు పిలకలు కొరికి, గంట తిరుగకముందే గట్టుమీద కూలిపోవుట మన పల్లెలలో కొత్త సంగతి కాదు. దీనినే రైతులు 'నాము' అందురు. పాము కరచినదనియో, దిష్టి తగిలినదనియో తలచి కాలము పోగొట్టరాదు.

విషము ఎట్లు పుట్టును?

లేత జొన్నలో ధుర్రిన్ అను పదార్థము కలదు. పశువు ఆకును నమలినప్పుడు అది విడిపోయి హైడ్రోసయానిక్ ఆమ్లము పుట్టును. చెర్రీ ఆకులలోను, కర్రపెండలము ఆకులలోను పుట్టు విషము కూడ ఇదే. ఇది ఒంట పట్టినచో, రక్తములో ప్రాణవాయువు ఉన్నను శరీరము దానిని వాడుకొనజాలదు. నెమరువేయు పశువుల పెద్దపొట్టలోని సూక్ష్మజీవులు ఈ విషమును త్వరగా వెలువరించును. అందుచేత ఆవులకు, గేదెలకు, గొఱ్ఱెలకు, మేకలకు అపాయము మెండు.

ఎప్పుడు భయపడవలెను?

మోకాలెత్తు దాటని పైరు, వానలు లేక వడలిన పైరు, కోసిన మోళ్ళనుండి వాన పడగానే లేచిన పిలకలు – ఈ మూడును మిక్కిలి ప్రమాదకరములు. యూరియా ఎక్కువగా వేసిన చేలలో విషము మరింత పెరుగును.

గుర్తులు

ఆయాసము, చొంగ కారుట, ఒళ్ళు వణకుట, తూలుట, పడి కాళ్ళు కొట్టుకొనుట. మొదట నోటి లోపలి పొరలు ఎఱ్ఱగా కనబడును.

వెంటనే చేయవలసినది

మందను ఆ చేనినుండి తోలివేసి, పశువైద్యునికి కబురు పంపుడు. సోడియం నైట్రైట్, సోడియం థయోసల్ఫేట్ మందులను ఆయన రక్తనాళములోనికి ఎక్కించును. సకాలములో అందినచో పశువు బ్రతుకవచ్చును. మోతాదు మించిన నైట్రైటు కూడ విషమే కనుక మీరు స్వయముగా ఇవ్వరాదు.

ముందు జాగ్రత్తలు

1. పూతకు వచ్చిన పిమ్మటనే పచ్చిజొన్న కోసి వేయుడు.

2. చొప్పను బాగుగా ఎండనిచ్చి మేపుడు. ఎండినకొలది విషము తగ్గును.

3. ఆకలిగొన్న పశువును జొన్నచేలవైపు వదలకుడు. ముందుగా ఎండుగడ్డి వేయుడు.

4. కోత కాగానే మోళ్ళను దున్నివేయుడు. మీ చేలో పిలకలు లేచినచో ఇరుగు పొరుగు కాపరులకు చెప్పుడు.

నాలుగు పిలకల మేతకు ఆశపడి ఇంటిల్లిపాదికి పాలిచ్చు గేదెను పోగొట్టుకొనకుడు.