తలుపు మూసినంత మాత్రాన అంతా దాగుతుందా?

గత శీతాకాలంలో విశాఖపట్నం నుండి కిరండూల్ వెళ్లే రైలులో అరకు చేరుకున్నాను. అక్కడ మా తమ్ముడు చిన్న బట్టల దుకాణం నడుపుకుంటున్నాడు. మరునాడు వాడి కుమార్తె ఉపకారవేతనం దరఖాస్తు నింపవలసి ఉండగా, తోడుగా నేనూ ఇంటర్నెట్ కేంద్రానికి వెళ్లాను. ఆ గదిలో ఉన్నవి రెండే కంప్యూటర్లు. చుట్టుపక్కల కొండ గూడేల నుండి వచ్చిన విద్యార్థులు ఆధార్ ప్రతులు, బ్యాంకు పాస్‌బుక్కులు చేతబట్టుకుని తమ వంతు కోసం నిరీక్షిస్తున్నారు.

అమ్మాయి కూర్చుని బ్రౌజర్ తెరవగానే ఎవరిదో మెయిల్ ప్రత్యక్షమయింది. అంతకు ముందు కూర్చున్న విద్యార్థి లాగౌట్ చేయకుండానే వెళ్లిపోయాడు. అతని ఆధార్ ప్రతి, పాస్‌బుక్కు మొదటి పుట ఫోటో, ఫోన్ నంబరు అన్నీ అందులో ఉన్నాయి. దురుద్దేశం కలవాడి కంటబడితే అతని పేరిట ఎన్ని మోసాలైనా జరగవచ్చు. అమ్మాయి వెంటనే ఆ ఖాతాను మూసివేసింది. తరువాత ఇన్‌కాగ్నిటో విండో తెరిచి, "బడే అబ్బా, ఇందులో చేస్తే ఇక ఎవరికీ ఏమీ తెలియదు" అంది ధీమాగా.

ఆమె చేసిన పని సరైనదే. ఆమె చెప్పిన మాట మాత్రం సగమే నిజం. ఆ మిగిలిన సగాన్ని తెలుసుకోవడం మన కుటుంబాలన్నింటికీ అవసరం.

క్రోమ్‌లో ఇన్‌కాగ్నిటో, ఎడ్జ్‌లో ఇన్‌ప్రైవేట్, ఫైర్‌ఫాక్స్, సఫారీలలో ప్రైవేట్ విండో: పేర్లు వేరైనా పని ఒక్కటే. మామూలుగా బ్రౌజర్ మనం చూసిన పుటల చరిత్రను, ఫారాలలో నింపిన వివరాలను, కుకీలనే చిన్న గుర్తులను ఆ యంత్రంలోనే భద్రపరుస్తుంది. ప్రైవేట్ విండోలన్నింటినీ మూసివేసిన మరుక్షణం ఇవన్నీ చెరిగిపోతాయి. తెరిచిన ఖాతా కూడా దానంతటదే మూతపడుతుంది. అందుచేత పదిమంది వాడే కంప్యూటర్‌లో, ఇంటిల్లిపాదీ పంచుకునే ఫోన్‌లో ఇది నిజంగా మేలు చేసే ఏర్పాటు.

అయితే ఈ తెర ఆ యంత్రం వరకే. ఇంటర్నెట్ అందించే సంస్థకు మనం ఏ సైటుకు వెళ్లామో తెలుస్తూనే ఉంటుంది. ఆ సైటుకు మన రాక తెలుస్తుంది. అదే విండోలో గూగుల్ ఖాతాలోకి ప్రవేశించి వెతికితే, ఆ వెతుకులాట ఖాతాలో నమోదు కావచ్చు. డౌన్‌లోడ్ చేసిన ఫైలు విండో మూసినా ఆ కంప్యూటర్‌లోనే మిగిలిపోతుంది. మీటల నొక్కుళ్లను దొంగిలించే దుష్ట ప్రోగ్రామ్ అప్పటికే అందులో ఉంటే ప్రైవేట్ విండో దానిని ఆపలేదు.

మా అమ్మాయి వంటి భ్రమ లోకమంతటా ఉన్నదే. 2018లో అమెరికా, జర్మనీ పరిశోధకులు 460 మందిని ప్రశ్నించగా, ఖాతాలో ఉండి వెతికినా ప్రైవేట్ విండోలో ఏదీ నమోదు కాదని సగానికి పైగా నమ్మినట్లు తేలింది. 2020లో అమెరికాలో కొందరు వినియోగదారులు గూగుల్‌పై దావా వేశారు. ఇన్‌కాగ్నిటోలో ఉన్నప్పుడు కూడా తమ సమాచారం సేకరించారన్నది వారి ఆరోపణ. అది నిరాధారమని సంస్థ వాదించింది. చివరకు కుదిరిన రాజీ షరతులు 2024 ఏప్రిల్‌లో న్యాయస్థానం ముందుకు వచ్చాయి. కోట్లాది రికార్డులను తొలగించడానికి, ఏ సమాచారం సేకరిస్తారో మరింత స్పష్టంగా తెలపడానికి సంస్థ అంగీకరించింది.

మన దేశంలోనూ చట్టం మేలుకుంది. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కు అని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం ఏకగ్రీవంగా తీర్పునిచ్చింది. వ్యక్తిగత డిజిటల్ సమాచార రక్షణ చట్టం 2023లో వచ్చింది. మన ధర్మం ఈ హక్కును ఏనాడో ఇంటి గడప వద్దే నిలబెట్టింది. ఇతరుల ఇళ్లలోకి అనుమతి లేకుండా ప్రవేశించరాదని నూర్ సూరా, ఒకరి రహస్యాలను కూపీ లాగరాదని హుజురాత్ సూరా బోధిస్తున్నాయి. తలుపు సందులోంచి తొంగిచూసిన వానిని దైవప్రవక్త (స) తీవ్రంగా మందలించారు. అనుమతి కోరే నియమం చూపు నిమిత్తమే ఏర్పడిందని వివరించారు. నేటి తలుపు సందు ఫోన్ తెరే కదా!

ఒక ఇంట్లో జరిగిన సంగతి చెబుతాను. కోడలు తన అనారోగ్యం గురించి ఇంటి ఫోన్‌లో వెతికింది. మరిది ఆ చరిత్ర చూసి నలుగురిలో ప్రస్తావించాడు. లేని అనుమానాలు పుట్టి, ఆమె రెండు నెలలు పుట్టింట ఉండవలసి వచ్చింది. ఆమె దాచుకోగోరింది పాపం కాదు, బాధ. ప్రైవేట్ విండో తెలిసి ఉంటే ఆ కన్నీరు తప్పేది. మరిదికి మర్యాద తెలిసి ఉన్నా తప్పేది.

ఇదే విండో పిల్లలకు చాటుగా చెడు చూసే దారి కారాదా అని తల్లిదండ్రులు అడుగుతారు. ఆ భయం సహేతుకమే. చిన్నపిల్లల ఖాతాలను ఫ్యామిలీ లింక్ పర్యవేక్షణలో ఉంచితే వారికి క్రోమ్‌లో ఇన్‌కాగ్నిటో అందుబాటులో ఉండదు. ఎదిగిన పిల్లల విషయంలో దొంగచూపు కన్నా మనసు విప్పిన సంభాషణ మేలు. బ్రౌజర్ చరిత్ర చెరిగినా అల్లాహ్ సన్నిధిలో కర్మల పత్రం చెరగదన్న ఎరుకను చిన్ననాడే నాటాలి. ఏ కాపలా అయినా దాని తరువాతే.

ఇక పాటించవలసినవి. బయటి కంప్యూటర్‌లో కంట్రోల్, షిఫ్ట్, ఎన్ మీటలను కలిపి నొక్కితే క్రోమ్, ఎడ్జ్‌లలో ప్రైవేట్ విండో తెరుచుకుంటుంది. పాస్‌వర్డ్ భద్రపరచమంటారా అని అడిగితే వద్దనండి. పని ముగియగానే లాగౌట్ చేసి, విండోలన్నీ మూసి, డౌన్‌లోడ్ అయిన పత్రాలను తొలగించి, రీసైకిల్ బిన్‌ను కూడా ఖాళీ చేయండి. బ్యాంకు లావాదేవీలను బయటి కంప్యూటర్‌లో అసలే చేయవద్దు. ఓటీపీని ఎవరికీ చెప్పవద్దు.

ఆనాడు దరఖాస్తు ముగిశాక మా అమ్మాయి అన్నీ మూసి లేచింది. తన తరువాత కూర్చోబోతున్న గిరిజన బాలికకు ఆ విండో ఎలా తెరవాలో, పని కాగానే ఎలా మూయాలో చూపించి మరీ బయటకు వచ్చింది. పొరుగువారి గుట్టు కాపాడడం కూడా మనకు అప్పగించిన అమానతే.