మెట్ల మీద గమకం పలికించిన శాస్త్రజ్ఞుడు

హార్మోనియం మీద గమకం పలకదన్నది మనవాళ్ళు ఎంతోకాలంగా చేస్తున్న ఫిర్యాదు. ఒక మెట్టుకూ దాని పక్క మెట్టుకూ నడుమ హార్మోనియానికి ఏమీ లేదు. మన సంగీతంలో అసలు సారమంతా ఆ నడుమనే ఉంది. ఇటువంటి ఆక్షేపణల మీదే ఆకాశవాణి 1940లో హార్మోనియాన్ని తన స్టూడియోల్లోంచి సాగనంపింది. ఆ నిషేధం 1971లో గాని సడలలేదు. పద్యనాటకాలాడే ఊళ్ళు మాత్రం దాన్ని ఖాతరు చేయలేదు. రాగం ఎంత సాగదీసినా హార్మోనిస్టు వెంట ఉండవలసిందే!

మన సంగీతం కోసం కాకపోయినా, ఇదే చిక్కును విప్పడానికి కూర్చున్న మనిషి ఒకాయన ఈ కెనడాలోనే ఉండేవాడు. పేరు హ్యూ లె కేన్. వృత్తిరీత్యా భౌతిక శాస్త్రజ్ఞుడు. సింథసైజరు అనగానే 1964లో పేరుకెక్కిన అమెరికా దేశపు రాబర్ట్ మూగ్‌ను అందరూ తలుచుకుంటారు. అంతకు పదహారేళ్ళ ముందే ఒట్టావాలో అటువంటి వాద్యం తయారై మోగిందని మనలో ఎంతమందికి తెలుసు?

లె కేన్ 1914 మే 27న సుపీరియర్ సరస్సు ఒడ్డున పోర్ట్ ఆర్థర్‌లో పుట్టాడు. (1970లో దాన్ని పక్కనున్న ఫోర్ట్ విలియంతో కలిపి థండర్ బే అన్నారు. కారులో విన్నిపెగ్ వైపు వెళ్ళినవారికి ఆ ఊరి ధాన్యపు గాదెలు గుర్తుండే ఉంటాయి.) కింగ్‌స్టన్‌లోని క్వీన్స్ యూనివర్సిటీలో 1939లో ఎం.ఎస్‌సి. పూర్తిచేసి, మరుసటి ఏడు ఒట్టావాలో నేషనల్ రిసెర్చి కౌన్సిలులో చేరాడు. యుద్ధకాలంలో రాడారు పని, ఆ తరువాత అణుభౌతికశాస్త్రం. సంగీతం ఆయన ఉద్యోగంలో భాగం కాదు. 1945లో ఇంట్లోనే సొంత స్టూడియో పెట్టుకున్నాడు. పగలు ఆఫీసు, రాత్రి వాద్యం. బేస్‌మెంటులో వీణో మృదంగమో పెట్టుకుని, తెల్లవారితే బ్రీఫ్‌కేసు పట్టుకుని బయల్దేరే మన సభ్యులకు ఈ బతుకు గురించి వేరే చెప్పనక్కరలేదు.

ఆ రాత్రుల పంటే ‘ఎలక్ట్రానిక్ సాక్‌బట్’. సాక్‌బట్ అన్నది ట్రాంబోనుకు పూర్వీకురాలైన పాత వాద్యం. ఎప్పుడో వాడుక తప్పిన వాద్యం పేరు పెడితే విమర్శకుల నోటికి కాస్త దూరంగా ఉండవచ్చని ఆయన చమత్కారం. చూడటానికి అది వడ్రంగి సగంలో వదిలేసి వెళ్ళిన బల్లలా ఉంటుంది. పనితనం అంతా మెట్లలో ఉంది. మెట్టును ఎంత గట్టిగా నొక్కితే నాదం అంత పెద్దదవుతుంది. నొక్కిన మెట్టునే పక్కకు నెడితే శ్రుతి జారుతుంది. వేలిని అటూ ఇటూ కదిపితే స్వరం కంపిస్తుంది. వైణికుడు తీగను పక్కకు లాగి చేసే పనే ఇది. ఎడమచేయి ఊరికే ఉండదు. వేళ్ళకు తలా ఒక పని అప్పగించి, నాదం రంగును మోగుతుండగానే మార్చుకునే ఏర్పాటు చేశాడు.

ఇది ఎలా సాధ్యమయిందో కొంచెం చెప్పుకోవాలి. వేలి ఒత్తిడిని విద్యుత్ వోల్టేజిగా మార్చాడు. ఆ వోల్టేజి పెరిగితే, తగ్గితే నాదం దాని వెంట నడుస్తుంది. తరువాతి సింథసైజర్లు అనేకం ఆధారపడిన సూత్రం ఇదే. సాక్‌బట్ ఒకసారికి ఒక్క స్వరమే పలుకుతుంది. పాశ్చాత్యులకు అది లోపం కావచ్చు గాని, మనకు ఒక్క స్వరమే కావలసినంత!

పాత రికార్డింగు ఒకదానిలో ఆయన గెర్ష్విన్ ‘రాప్సొడీ ఇన్ బ్లూ’ మొదట్లో క్లారినెట్ కింది నుంచి పైకి జారే ఘట్టాన్ని దీని మీద వాయించి చూపాడు. మన భాషలో అది అచ్చమైన జారు.

1948కి వాద్యం ఒక రూపానికి వచ్చింది. అంతలో అణుభౌతికం చదవడానికి ఇంగ్లండు వెళ్ళి, నాలుగేళ్ళకు తిరిగి వచ్చాడు. వచ్చాక నలుగురిలో వాయించి చూపించాడు. దాని ఫలితంగా 1954లో కౌన్సిలు ఆయనను పూర్తిగా సంగీత వాద్యాల పనికే వదిలిపెట్టింది. రాడారు, అణువులు చూసే సర్కారు ప్రయోగశాలలో వాద్యాల తయారీ ఉద్యోగం! ఈ దేశాన్ని ఈ ఒక్క విషయంలో మెచ్చుకోకుండా ఉండలేం.

తరువాత ఆయన చేసిన టేపు రికార్డరు మరో వింత. అనేక టేపులు ఒకేసారి తిరుగుతాయి. వాటి వేగాన్ని 36 మెట్ల వరుసతో మార్చవచ్చు. టేపు రెట్టింపు వేగంతో నడిస్తే స్వరం పై స్థాయికి పోతుంది, సగం చేస్తే మంద్రానికి దిగుతుంది. 1955లో నీళ్ళలో పడిన ఒకే ఒక బొట్టు చప్పుడు రికార్డు చేసి, దాన్ని రకరకాల వేగాలతో తిప్పి ‘డ్రిప్సొడీ’ అనే చిన్న రచన చేశాడు. మొదట ఒకటీ అరా బొట్లు, చూస్తుండగా కుంభవృష్టి, మళ్ళీ బొట్లు. అన్నిటికీ మూలం ఆ ఒక్క బొట్టే.

తాను స్వరకర్తనని లె కేన్ ఎన్నడూ చాటుకోలేదు. తన యంత్రాలు ఇతరుల చేతుల్లో పాడితే చాలుననుకున్నాడు. 1959లో టొరాంటో యూనివర్సిటీలో, 1964లో మాంట్రియల్ మెక్‌గిల్‌లో ఎలక్ట్రానిక్ సంగీత స్టూడియోలు వెలిసినప్పుడు ఆయన పరికరాలే వాటికి ప్రాణం. కాని అంగళ్ళలో మాత్రం ఆయన వాద్యం కనిపించలేదు. 1969 తరువాత సాక్‌బట్‌ను కొత్త హంగులతో అమ్మకానికి సిద్ధం చేయాలని కౌన్సిలు చూసింది గాని, ఆ ప్రయత్నం ఫలించలేదు. అప్పటికే మార్కెట్టు ఇతరుల చేతిలోకి పోయింది.

కెనడాకు ఇది కొత్త కూడా కాదు. ఒంటారియోలో బెల్‌విల్‌కు చెందిన మోర్స్ రాబ్ చర్చి ఆర్గన్ నాదతరంగాలను ఫోటోలు తీసి, ఆ ఆకారాలను లోహపు చక్రాల మీద చెక్కించి, 1927లోనే విద్యుత్ ఆర్గన్ చేసి చూపాడు. అమెరికా హామండ్ ఆర్గన్ 1935లో వచ్చి ఊరూరా పాకింది. రాబ్ కంపెనీ 1938లో మూతపడింది.

లె కేన్ 1974లో రిటైరయ్యాడు. మోటారుసైకిలంటే ఆయనకు పంచప్రాణాలు. 1976లో దాని మీద వెళుతూనే ప్రమాదానికి గురయ్యాడు. తిరిగి కోలుకోలేదు. 1977 జూలై 3న, అరవై మూడేళ్ళకు కన్నుమూశాడు.

మన పిల్లలు కీబోర్డు మీద కీర్తనలు నేర్చుకుంటున్నారు. సరళీ స్వరాల దాకా ఏ పేచీ లేదు. తోడి రాగం వచ్చేసరికి గాంధారం ఉన్నచోటనే బిగుసుకుని కూర్చుంటుంది, ఇంట్లో పెద్దలు నొసలు చిట్లిస్తారు. శ్రుతి వంచడానికి ఆ పెట్టెల పక్కన ఒక చిన్న చక్రం ఉంటుంది గాని, అది వాయించే వేలి కింద లేదు, వేరే చేతిలో ఉంది. లె కేన్ మెట్టు లోపలే పెట్టినది అదే.

సాక్‌బట్‌ను ఒట్టావాలోని కెనడా సైన్స్ అండ్ టెక్నాలజీ మ్యూజియం భద్రపరిచింది. లె కేన్ రచనలు, ప్రదర్శనలు 1999లో ఒక సి.డి.గా కూడా వెలువడ్డాయి. సంపాదించగలిగినవారు పిల్లలకు ముందు నీటిబొట్టు వినిపించి, ఆ తరువాత సాక్‌బట్ వినిపించండి.