పొలము అంచులు కోయవద్దు

పదవ తరగతి ఫలితాలు వచ్చిన ఆదివారం మన సంఘాలలో ఎన్నో సాక్ష్యాలు వింటాము. తమ ఇంటిలో కాలేజి మెట్టు ఎక్కబోయే మొదటి బిడ్డ కోసం తల్లులు కన్నీళ్లతో దేవుని స్తుతిస్తారు. మనమందరము ఆమేన్ అంటాము. అయితే ఆ బిడ్డ అసలు కష్టము సీటు వచ్చిన తరువాతనే మొదలవుతుంది.

చదువుకున్న ఇంటిలో ఏ ఫారము ఎప్పుడు నింపాలో తండ్రి చెబుతాడు. ఇంగ్లీషు పాఠము అర్థము కాకపోతే అక్క విడమరచి చెబుతుంది. కూలి చేసుకునే ఇంటి బిడ్డకు అలా చెప్పేవారు లేరు. అందుచేత ఫీజు ఒక్కటే కడితే చాలదు. ఉండటానికి హాస్టలు, కడుపు నిండా భోజనము, పాఠము మరల చెప్పే అధ్యాపకుడు, దిగులుపడితే పలకరించే పెద్దదిక్కు కూడా కావాలి.

ఈ అవసరము గుర్తించి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2008లో రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయమును నెలకొల్పారు. బాసర, నూజివీడు, ఇడుపులపాయలలో మనము 'ట్రిపుల్ ఐటీ' అని పిలిచేవి దాని ప్రాంగణములుగా మొదలైనవే. ఆరంభములో పదవ తరగతి మార్కులతోనే సీటు ఇచ్చారు. ప్రభుత్వ పాఠశాల పిల్లల మార్కులకు కొంత అదనముగా కలిపారు. ఆరేళ్ల చదువు, హాస్టలు, మెస్సు, లాప్‌టాప్ అన్నీ ఒకే చోట సమకూర్చారు. ఎందరో రైతుకూలీల పిల్లలు అక్కడ ఇంజనీర్లయ్యారు.

కాని ఏర్పరచినంత శ్రద్ధగా పోషించడము జరుగలేదు. 2022 జూన్‌లో బాసర విద్యార్థులు వారము రోజులు ఎండలో, వానలో గేటు దగ్గర శాంతియుతముగా కూర్చున్నారు. వారు కోరినవి ఏమిటి? పూర్తికాలపు వైస్ ఛాన్సలర్, తగినంతమంది అధ్యాపకులు, మంచి భోజనము, లాప్‌టాప్‌లు. ఇవేవీ విలాసములు కావు.

నిధులు తగ్గినప్పుడు కోత ఎక్కడ పడుతుందో గమనించండి. భవనము అలాగే ఉంటుంది, బోర్డూ అలాగే ఉంటుంది. ఖాళీ అయిన అధ్యాపకుని స్థానము మాత్రము నిండదు. మెస్సులో కూర పలుచనవుతుంది. అండ ఉన్న బిడ్డ ట్యూషన్ పెట్టించుకొని నెగ్గుకొస్తాడు, అండ లేనివాడు మూట సర్దుకొని ఇంటికి వస్తాడు.

ఫీజు రీయింబర్స్‌మెంటు సంగతీ అంతే. ప్రభుత్వము సొమ్ము ఆలస్యము చేస్తే కళాశాల ధ్రువపత్రములు ఆపుతుంది, తండ్రి వడ్డీకి అప్పు తెస్తాడు. 2025 నవంబరులో తెలంగాణలో ప్రైవేటు కళాశాలల యాజమాన్యాలు బకాయిల కోసం కళాశాలలనే మూసివేశాయి.

ధర్మశాస్త్రములో దేవుడు కోతకాలమునకు ఒక నియమము పెట్టాడు. పొలము అంచులు పూర్తిగా కోయరాదు, పరిగె ఏరుకొనరాదు, అవి బీదలకు, పరదేశులకు విడువవలెను. పంట పలుచనైన యేట అంచు కూడా కోసుకోవచ్చని ఆయన చెప్పలేదు. బోయజు పొలములో రూతుకు దొరికినది ఆ భాగమే. పేద బిడ్డకు ఇచ్చే హాస్టలు, స్కాలర్‌షిప్పు అటువంటి అంచులే. వాటిని కాపాడుమని అధికారులను, ప్రజాప్రతినిధులను అడుగుట మన బాధ్యత.

మన సంఘాలకు ఈ పని క్రొత్త కాదు. గుంటూరులో ఆంధ్ర క్రైస్తవ కళాశాల 1885 నాటిది. మన తాతలలో ఎందరో మిషను బోర్డింగులో అన్నము తిని అక్షరాలు దిద్దారు. ఆ ఋణము తీర్చే సమయము ఇదే.

ప్రతి సంఘములో చదువుకున్న యౌవనస్థులు ఇద్దరు ముందుకు రండి. కుల, ఆదాయ ధ్రువపత్రములు తీయించుటలో, స్కాలర్‌షిప్పు దరఖాస్తు గడువు దాటకుండా పంపించుటలో తోడుండండి. సెలవులకు వచ్చిన పిల్లలకు ఇంగ్లీషు, లెక్కలు చెప్పండి. స్త్రీల సమాజము వారు నెలకొకసారి హాస్టలుకు ఫోను చేసి, "తిన్నావా నాయనా, దిగులుగా ఉన్నావా?" అని అడిగితే చాలు, ఎందరో పిల్లలు నిలబడతారు. సంఘ పెద్దలు కోత పండుగ కానుకలలో ఒక భాగమును చదువు నిధిగా ప్రక్కన పెట్టండి.

ఈ సంవత్సరము మన సంఘమునుండి కాలేజికి వెళ్లిన ప్రతి బిడ్డ పేరు వ్రాసుకొని ప్రార్థిద్దాము. ప్రార్థించిన చేతులతోనే వారికి సాయము చేద్దాము.