కిడ్నీల కబుర్లు

• గుండె పంపే రక్తంలో దాదాపు ఐదో వంతు నేరుగా కిడ్నీలకే పోతుంది. పిడికిలంత ఉండే ఈ జంటలోకి నిమిషానికి లీటరుకు పైగా రక్తం వచ్చి పోతుంటుంది.

• ఒక రోజులో కిడ్నీలు వడగట్టే ద్రవం సుమారు 180 లీటర్లు. మూత్రంగా బయటికి పోయేది మాత్రం లీటరున్నర, రెండు లీటర్లే. మిగతాదంతా మళ్లీ రక్తంలోకే. రక్తంలోని ద్రవ భాగమైన ప్లాస్మా ఒంట్లో మూడు లీటర్లే కాబట్టి అదే ద్రవం రోజుకు 60 సార్లు వడపోతకు వస్తుందన్నమాట!

• వడపోసేవి నెఫ్రాన్లు. ఒక్కో కిడ్నీలో సుమారు 10 లక్షలుంటాయి. పుట్టిన తర్వాత కొత్తవి తయారు కావు. కొన్ని పాడైతే వాటి పని మిగిలినవి నెత్తినేసుకుంటాయి. జబ్బు చాలాకాలం బయటపడకపోవడానికి కారణం ఇదే. ఒకరు కిడ్నీ దానం చేసి మామూలుగా బతకగలగడానికీ ఇదే కారణం.

• కిడ్నీ రోగి ముఖం ఎందుకు పాలిపోతుంది? ఎర్ర రక్తకణాలు తయారు చేయమని ఎముక మజ్జకు కబురు పంపే ఎరిత్రోపొయెటిన్ అనే హార్మోన్ ఎక్కువగా కిడ్నీల్లోనే పుడుతుంది. అది తగ్గితే రక్తహీనత వస్తుంది. అప్పుడు ఐరన్ మాత్రలు ఒక్కటే సరిపోవు, ఆ హార్మోన్‌ను ఇంజెక్షన్‌గా ఇవ్వాల్సి రావచ్చు. విటమిన్ డిని ఒంటికి పనికొచ్చేలా మార్చేదీ కిడ్నీలే. అందుకే అవి దెబ్బతింటే ఎముకలూ బలహీనపడతాయి.

• మామూలుగా ఒంటికి మంచిదనే కొబ్బరి నీళ్లు కిడ్నీ చెడినవారికి ప్రమాదం కావచ్చు. వాటిలోని పొటాషియం బయటికి పోలేక రక్తంలో పేరుకుంటే గుండె లయ తప్పుతుంది. కొబ్బరి తోటలకు పేరుపడ్డ శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో ఎందరో కిడ్నీ రోగులున్నారు. షుగరు, బీపీ లేనివారికి కూడా అక్కడ ఈ జబ్బు ఎందుకొస్తోందో ఇంకా తేలలేదు.

• ఆచరణలో పనికొచ్చిన తొలి డయాలసిస్ యంత్రం 1943లో, నాజీల ఆక్రమణలో ఉన్న నెదర్లాండ్స్‌లో తయారైంది. విలెమ్ కోల్ఫ్ అనే యువ డాక్టరు, మాంసం కూరి సాసేజ్‌లు చేసే సెల్లోఫేన్ గొట్టాన్ని డ్రమ్ముకు చుట్టి, రక్తాన్ని అందులోంచి పారించాడు. మొదటి రోగుల్లో దాదాపు అందరూ చనిపోయారు. 1945లో 67 ఏళ్ల ఒక మహిళ కోమాలోంచి లేచి బతికి బయటపడింది.

• 1954 డిసెంబరు 23న బోస్టన్‌లో జోసెఫ్ ముర్రే బృందం ఒక కవల సోదరుడి కిడ్నీని రెండోవాడికి అమర్చింది. ఇద్దరూ ఒకే పోలిక కవలలు కావడంతో శరీరం దాన్ని పరాయిదిగా చూడలేదు. ముర్రేకు 1990లో నోబెల్ వచ్చింది. మన దేశంలో తొలి విజయవంతమైన మార్పిడి 1971లో వెల్లూరు సీఎంసీ ఆసుపత్రిలో జరిగింది.

• మార్పిడి చేసినప్పుడు పాత కిడ్నీలను సాధారణంగా తీసెయ్యరు. కొత్తదాన్ని పొత్తికడుపులో ఒక పక్కన పెడతారు. కాబట్టి కొందరి ఒంట్లో మూడు కిడ్నీలుంటాయి!

• నొప్పి లేదు కాబట్టి కిడ్నీలు బాగున్నాయనుకోవద్దు. షుగరు, బీపీ ఉన్నవారు ఏడాదికోసారైనా రక్తంలో క్రియాటినిన్, మూత్రంలో ఆల్బుమిన్ పరీక్షలు చేయించుకోవాలి. మూత్రంలో ఆల్బుమిన్ చాలాసార్లు క్రియాటినిన్ కంటే ముందే జబ్బును పట్టిస్తుంది.