భీమిలి - మన పాత రేవు

విశాఖపట్నానికి ఉత్తరాన, సముద్రం ఒడ్డున ఒక చిన్న ఊరుంది. పేరు భీమునిపట్నం. అందరూ భీమిలి అంటారు. గోస్తని నది ఇక్కడే సముద్రంలో కలుస్తుంది.

300 ఏళ్లకు ముందే హాలెండు నుంచి డచ్చివారు ఓడల్లో వచ్చారు. మన నేతగాళ్ల బట్టలు కొని పట్టుకెళ్లేవారు. 1825లో ఊరు ఇంగ్లీషువారి చేతికి పోయింది. 1861లో మునిసిపాలిటీ అయింది.

రైలు దారి ఈ ఊరికి రాలేదు. 1933లో విశాఖలో పెద్ద రేవు తెరిచారు. సరుకంతా అటు పోయింది. భీమిలికి చేపల పడవలే మిగిలాయి.

పావురాళ్లకొండ మీద బౌద్ధ భిక్షువులు వాన నీటికి తొలిచిన తొట్లు ఉన్నాయి. ఊళ్లో డచ్చివారి సమాధులున్నాయి. రాళ్ల మీద పేర్లు చెక్కారు. రాయి పగిలితే ఆ రాత పోతుంది. రాత పోతే ఊరి కథ పోతుంది.

మీ ఊళ్లో పాతవి ఏమున్నాయి? పెద్దలను అడగండి. నాలుగు మాటలు రాసి ఉంచండి.