ఆంగ్లమున ప్రశ్నించు తీరు

తెలుగున ప్రశ్న వేయుట సులభము. "అతడు వచ్చినాడు" అను వాక్యము తుది అచ్చును ఆకారముగా మార్చి "అతడు వచ్చినాడా?" అన్నచో ప్రశ్న యగును. పదముల వరుస మారదు. ఆంగ్లమున సాధారణముగా ఆ వరుసయే మారవలెను. "యు ఆర్ రెడీ" అనునది ఒక విషయమును తెలుపు వాక్యము, "ఆర్ యు రెడీ?" అనునది ప్రశ్న. "లివ్" వంటి క్రియలు ఇట్లు కర్తకు ముందునకు రావు. వానికి బదులు "డు" అను సహాయక్రియ వచ్చి "డు యు లివ్ హియర్?" అగును. షేక్స్పియరు (1564–1616) కాలమున ఈ సహాయము లేకయు ప్రశ్నించుట కలదు. పిమ్మట నేటి పద్ధతి స్థిరపడెను.

వ్యాకరణ మొక్కటే చాలదు, మర్యాదయు తెలియవలెను. తెలుగున "నీవు", "మీరు" అను భేదము కలదు. "తలుపు తీయండి" అన్నచో క్రియ తుదనే గౌరవ మున్నది. ఆంగ్లమునందును పూర్వము "దౌ", "యు" అను రెండు మాట లుండెడివి. కాలక్రమమున "దౌ" సామాన్య వ్యవహారమునుండి తొలగిపోయెను. నేడు పసిబాలుని, పండితుని కూడ "యు" అనియే సంబోధింతురు. కావున గౌరవమును వాక్యనిర్మాణమునందే చూపవలెను. "ఓపెన్ ది డోర్" అన్నచో ఆజ్ఞ వలె వినబడును. "కుడ్ యు ఓపెన్ ది డోర్, ప్లీజ్?" అన్నచో వినయముతో కూడిన కోరిక యగును. ఇచ్చట "కుడ్" భూతకాలమును తెలుపదు. మాటను మృదువుగా చేయును.

అయితే ఇట్టి వాక్యములందు ఒక చిక్కు కలదు. "వేర్ ఈజ్ ది స్టేషన్?" అనునది సరియైన ప్రశ్నయే. కాని "కుడ్ యు టెల్ మి" అని మొదలిడినచో, తరువాత "వేర్ ది స్టేషన్ ఈజ్?" అనవలెను. పదముల వరుస ఒక్కమారు మారిన చాలును. రెండవమారు మార్చుట దోషము.

మాటకు మాట అనువదించుటయు తగదు. హిందీలో "శుభనామ్" అని గౌరవముతో పేరడుగుదురు. దానిని అనుసరించి మన దేశమున పలువురు "వాట్ ఈజ్ యువర్ గుడ్ నేమ్?" అందురు. ఆంగ్లమున "గుడ్ నేమ్" అనగా సత్కీర్తి. కావున అన్యదేశీయుడు ఆ మాటకు తికమకపడవచ్చును. "మే ఐ నో యువర్ నేమ్, ప్లీజ్?" అనుట మేలు.

వినువారు మన మనస్సును చూడజాలరు, మాటనే విందురు. పెద్దలయెడ భక్తి గల బాలుడును, "అండి" అను మాటకు సాటియైనది ఆంగ్లమున నెరుగనిచో, పెంకివాడని తలపబడవచ్చును. కనుక విద్యార్థులు మాటలతోపాటు వానియందలి మన్ననను కూడ ఆ భాషలోనికి కొనిపోవ నేర్వవలెను.